సువార్తమ్మ గారింట్లో పెట్టిన బాక్సు

కరోనా తగ్గి చర్చిల తలుపులు మళ్లీ తెరుచుకున్న మరుసటి ఏడాది, వేసవిలో, ఏలూరు నుంచి కొల్లేరు వైపు దిగే రోడ్డు మీదున్న ఒక పల్లె నుంచి నాకు ఫోను వచ్చింది. ఊరి పేరు రాయను. భయపడి కాదు. అలాంటి ఊళ్లు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఒక్కదాని పేరు రాస్తే మిగిలినవాళ్లందరూ ఇది మా సంగతి కాదనుకుని హాయిగా నిద్రపోతారు.

నాది తాడేపల్లిగూడెంలో మైకు సెట్టు షాపు. పుట్టింది పెంటపాడు దగ్గర. ఐదో తరగతితో బడి అయిపోయింది. చదవడం బడిలో కన్నా చర్చిలోనే ఎక్కువ నేర్చుకున్నాను. మా అమ్మ పాటల పుస్తకం తెరిచి ఒళ్లో పెడితే, చెవిన పడుతున్న మాటకూ కంటికి కనిపిస్తున్న అక్షరానికీ జత కలుపుకుంటూ పోయాను. కరెంటు పని కాలిన చేతులు నేర్పాయి. హార్న్‌లు సైకిలుకి కట్టుకుని అత్తిలి దాకా తొక్కిన రోజుల నుంచి, ఫోను మీద వేలు జరిపి సౌండు సరిచేసే ఇప్పటి మిక్సర్ల దాకా అన్నీ చూశాను. సువార్త సభలకు, పెళ్లిళ్లకు, సమాధి కార్యక్రమాలకు, ఎవరు పిలిస్తే వాళ్లకు మైకు పెట్టాను. మరచిపోలేని పని ఏదని అడిగినవాళ్లు ఏదో పెద్ద మైదానం సభ గురించి చెబుతానని చూస్తారు. నాకు గుర్తొచ్చేది ఒక ముసలావిడ మంచం పక్కన పెట్టిన చిన్న బాక్సు.

"దానియేలు గారేనాండీ? మన చర్చికి కొత్త సౌండ్ సిస్టం పెట్టాలండీ. పైనున్న హార్న్ దించెయ్యాలండీ" అన్నారు ఫోనులో అక్కడి పాస్టరు గారు. చిన్న వయసు, మెత్తని మాట. ఆయన చెడ్డమనిషని ఈరోజుకీ అనను. మెత్తని మాట మాటున ఎంత పని ఆగిపోగలదో మాత్రం ఆయన దగ్గరే చూశాను.

ఈ పని తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. హార్న్ అంటే మేడల మీద కనిపించే గరాటా లాంటిది. సౌండును ఒక్క దిక్కుకి విసురుతుంది. వినసొంపుగా ఉండదు, కానీ చాలా దూరం పోతుంది. బాక్సులు అలా కాదు. అవి గదిని నింపుతాయి. అద్దాల కిటికీలు మూసి, పైన ఫాల్స్ సీలింగ్ కొట్టిన హాల్లో మంచి బాక్సులు పెడితే లోపల కూర్చున్నవాడికి ఒంటిమీద వెంట్రుకలు లేస్తాయి. గోడకు ఆనుకుని బయట నిలబడ్డవాడికి ఏదో గొణుగుడులా ఉంటుంది. ఆ చర్చిని అలాగే తయారుచేశారు. ఏసీలు ఇంకా రాలేదు గానీ, వాటి పైపుల కోసం గోడకు కన్నాలు పెట్టి ఉంచారు.

ఆ హార్న్ ఒకప్పుడు నేను పెట్టిందే. అప్పట్లో దాని నోరు ఎటు తిప్పాలని పెద్దల మధ్య వాదన జరిగింది. రోడ్డు వైపైతే వచ్చేపోయేవాళ్లు వింటారని కొందరన్నారు. అప్పటి పాస్టరు గారు, ఇప్పుడాయన లేరు, "రోడ్డు మీద పోయేవాళ్లకి కాళ్లున్నాయండీ, కావాలంటే ఆగుతారు. గోడ అవతల పేటలో లేవలేనివాళ్లున్నారు. అటు తిప్పండి" అన్నారు. తిప్పాను. ఆదివారం పూట కూడా చెరువులో చేపల పట్టుబడికి పోక తప్పనివాళ్లు, బాలింతలు, జ్వరం వచ్చినవాళ్లు, అందరికీ అదే ఆరాధన. కరోనా రోజుల్లో పాస్టరు ఒక్కడే లోపల నిలబడి పాటెత్తుకుంటే, పేటవాళ్లు ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని హార్న్‌తో కలిసి పాడారు. ఆ రోజుల్లో నాకు పనిలేకపోయినా, ఆ సంగతి విని మనసు నిండింది. అప్పుడే ఫోను కెమెరా కూడా చర్చిలోకి వచ్చింది. కరోనా పోయింది, కెమెరా ఉండిపోయింది, హార్న్ పనికిరానిదైపోయింది.

నేను మేడ మీద బోల్టులు విప్పుతుంటే గోడ అవతలి ఇంట్లోంచి ఒకావిడ బయటికొచ్చి చేత్తో ఎండ మరుగు చేసుకుని పైకి చూసింది.

"ఏవండీ బాబాయి గారూ! ఆ బూర దించేత్తున్నారా?"

"దించుతున్నానమ్మా. కొత్తవి లోపల పెడుతున్నారు."

"లోపల పెడితే మా అత్తకెలాగండీ? ఆవిడేవన్నా లోపలుంటారా?"

"మీ అత్తగారెవరమ్మా?"

"అదేంటండీ, సువార్తమ్మ గారు తెలీదా? ఈ పేటలో దేవుడికి పేరు పెట్టి తెలిసింది ఆవిడొక్కరేనండీ. మిగతావోళ్లం ఆవిడ పక్కింటోళ్లం."

ఆ కోడలి పేరు రత్నకుమారి. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. భర్త పోయినా పుట్టింటికి వెళ్లకుండా అత్త దగ్గరే ఉండిపోయింది. నవ్వుతూనే అడిగింది గానీ, బోల్టులు విప్పడం ఆపేశాను. కిందికి దిగి వాళ్లింట్లోకి వెళ్లాను.

సువార్తమ్మ గారు నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. తుంటి ఎముక విరిగి లేవలేరు. చూపు బాగా మసకబారింది. చూపున్న రోజుల్లోనూ ఆవిడకు చదువు రాదు. నాట్లలో, చేపల చెరువుల మీద బతుకు గడిచిపోయింది. అయినా కీర్తనల్లో ఏది అడిగినా మొదలు నుంచి చివరిదాకా చెప్పగలరు. అంతా చెవి ద్వారా లోపలికి వెళ్లిందే. చదువుకున్నవాళ్లకు మరచిపోతే పుస్తకం ఉంటుంది. ఆవిడకు వినడం ఒక్కటే ఉంది.

"నువ్వేనా అబ్బాయ్ దాన్ని పెట్టింది?" అన్నారు.

"నేనేనమ్మా."

"దించేది కూడా నువ్వేనా?"

"పిలిచారమ్మా, వచ్చాను."

చేత్తో పక్కనున్న గోడ తడిమారు. తర్వాత అన్నారు: "వారమంతా ఈ గోడ చూసుకుంటా పడుకుంటాను నాయనా. ఆదివారం గంట కొట్టేసరికి నాకు విస్తరేసినట్టుంటది. ముందు పాట, తర్వాత వాక్యం, తర్వాత ప్రార్థన. మూడు ముద్దలు. మళ్లా ఆదివారం దాకా అవే నెమరేసుకుంటాను. ఆ ముద్దలు కూడా తీసేత్తే ఏం తినమంటావు?"

పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. పక్కనే సంఘ పెద్ద ప్రకాశం గారు ఉన్నారు. ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఇస్త్రీ మడత నలగదు.

"ఆవిడకి లింకు పెడతామండీ" అన్నారు పాస్టరు గారు. "కువైట్‌లో ఉన్న మన పిల్లలు కూడా లైవ్ చూస్తున్నారండీ. గోడ పక్కనున్న ఆవిడకి ఇబ్బందేంటండీ?"

"ఆ ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనండీ. షెడ్డులో పనున్న ఆదివారం అది కోడలితో పోతుంది. పోనీ ఇంట్లో ఉన్నా ఆవిడకి నొక్కడం రాదు, కనపడదు."

"హార్న్ ఉంచితే బిల్డింగు అందం పోతుందండీ" అన్నారు ప్రకాశం గారు. "ఇంత ఖర్చుపెట్టి కట్టుకుని పైన కాకిగూడులా అదెందుకు? పైగా ఇంట్లో కూర్చుంటే వినపడుతుందంటే లోపలికి ఎవరొస్తారు చెప్పండి?"

ఆ చివరి మాటలో కొంత న్యాయం ఉంది, కాదనను. అందుకే హార్న్ సంగతి వదిలేసి, "పోనీ ఆవిడ మంచం దాకా ఒక వైరు లాగనివ్వండి" అన్నాను. "మీ ఇష్టమండీ, దానికేం" అన్నారు పాస్టరు గారు.

యాంప్లిఫయర్ నుంచి ఒక లైను వేరుగా తీశాను. లైను అంటే లోపలి సౌండుతో సంబంధం లేకుండా బయటికి పోయే దారి. లోపల తగ్గించినా పెంచినా అవతలివాళ్లకు అంతే వస్తుంది. రెండు తీగల వైరును ఏసీ పైపుల కన్నంలోంచి బయటికి తెచ్చి, గోడ మీదుగా దాటించి, వాళ్ల రేకుల చూరు కింద కట్టి, మంచం దగ్గరికి దింపాను. నా షాపులో వాడకుండా పడి ఉన్న చిన్న బాక్సు ఒకటి పెట్టాను. సౌండు తగ్గించి పెంచే మీట ఆవిడ చేతికి అందేలా తలవైపు బిగించాను. వేలు పట్టుకుని ఆ మీట మీద పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చిన్నదాంట్లో అంత గుడి పడుద్దా?" అన్నారు.

మొదటి ఆదివారం నేను కూడా ఉన్నాను. మిక్సర్ దగ్గర పని సర్దుకున్నాక గోడ దాటి వెళ్లి చూశాను. ఒక చెయ్యి బాక్సు మీద వేసుకుని పాడుతున్నారు. అవతల కీబోర్డు ఆయన పాటను పరుగుపెట్టిస్తున్నాడు. ఈవిడ పాత రాగంలోనే, పాత నడకలోనే, ప్రతి చరణం చివర కాస్త ఆగి గాలి పీల్చుకుని మరీ పాడుతున్నారు.

"మా అత్త ఒక పాట పూర్తి చేసేసరికి అయ్యగారు ప్రసంగం మొదలెట్టేత్తారండీ" అని నవ్వింది రత్నకుమారి.

"వాళ్లకి ఏ బస్సు పోతుందే అంత తొందర?" అన్నారు సువార్తమ్మ గారు మంచం మీద నుంచి.

నేను బస్సెక్కి తాడేపల్లిగూడెం వచ్చేశాను. మంచి పని చేశానని ఆ బస్సులో అనుకున్నాను.

వానలు వెళ్లాక పాస్టరు గారు మళ్లీ ఫోను చేశారు. లైవ్‌లో హమ్ వస్తోందట. హమ్ అంటే తుమ్మెద ఎగిరినట్టు ఆగకుండా వచ్చే సౌండు, ఎక్కడో కనెక్షన్ సరిగా లేదని గుర్తు. చూసేవాళ్లు కింద కామెంట్లు పెడుతున్నారు, అర్జంటుగా రమ్మన్నారు. శనివారం వెళ్లాను. లోపల పాటల ప్రాక్టీసు జరుగుతోంది. వెనక చూస్తే నేను తీసిన లైను కన్నం దగ్గరే తెగి ఉంది. ఏసీలు బిగించినవాళ్లు వైరు కోసేసి, పైపు చుట్టూ కన్నం సిమెంటుతో పూడ్చేసి, మీద రంగు కూడా వేశారు. ఇవతల తెగిన కొసలు ఈమధ్యనే జారి ఒకదానికొకటి తగులుతున్నాయి. హమ్ అక్కడి నుంచే.

పని అలాగే వదిలేసి గోడ అవతలికి వెళ్లాను. బాక్సు తుడిచి శుభ్రంగా ఉంది. మీద చిన్న గుడ్డ కప్పి ఉంది.

"ఎన్నాళ్లయిందమ్మా ఇది పలక్క?"

"ఏసీలు పెట్టిన కాడ్నించండీ. నాట్లకి ముందు" అంది రత్నకుమారి.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదండీ? ప్రకాశం గారికి చెప్తే చూద్దాంలే అన్నారు. అయ్యగారికి చెప్తే, మైకు ఆయన నంబరు ఉందమ్మా, ఫోన్ చేత్తాను అన్నారు. మీకు చెయ్యలేదాండీ?"

చెయ్యలేదు. నాట్ల ముందు నుంచి కోతల దాకా చెయ్యలేదు. తన లైవ్‌లో తుమ్మెద పలికిన వారానికే చేశారు.

"పోనీ ప్రభు భోజనం ఇవ్వడానికి వచ్చినప్పుడన్నా ఇది పలకడం లేదని చూడలేదా?"

రత్నకుమారి అత్త వైపు చూసింది. ఆ చర్చిలో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం గిన్నె పట్టుకుని లేవలేనివాళ్ల ఇళ్లకు వెళ్లేవారు. వెంట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వెళ్లి మంచం అంచున కూర్చుని ఒక పాట పాడి, ఒక అధ్యాయం చదివి వచ్చేవారు.

"ఈ బాక్సు పెట్టిన కాడ్నించి రావట్లేదండీ" అంది. "ఒకావిడ నాతోనే అన్నాదండీ, మీ అత్తకి గుడే ఇంటికొచ్చేసింది కదే, ఇంక మేవెందుకూ అని."

నేను చర్చివాళ్ల కాళ్లకు బదులుగా ఆ వైరు లాగలేదు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆవిడ ఆకలి తీరడానికి నేనొక గరిటె పెడితే, వాళ్లు పొయ్యి ఆర్పేసుకున్నారు. గరిటె విరిగాక అటు తొంగి చూసినవాడు కూడా లేడు.

సంచిలోంచి టెస్టర్, వైరు తీశాను. "గంటలో పలికిస్తానమ్మా" అన్నాను. సువార్తమ్మ గారు చెయ్యెత్తారు.

"వద్దు నాయనా. పట్టుకెళ్లిపో."

"కొత్త వైరు వేస్తానమ్మా. ఈసారి తెగనివ్వను."

"తెగినందుక్కాదు. ఇది ఇక్కడుంటే నేను తిన్నాననే అనుకుంటారు. తీసుకుపో. ఆకలిగా ఉందని తెలిత్తేనన్నా ఎవరో ఒకరు వత్తారు."

"వచ్చేదాకా ఇదన్నా ఉంటుంది కదమ్మా?"

"దీంట్లోంచి పాట వత్తాది, నిజవే. నేను పాడితే ఇనేవోళ్లు దీంట్లో లేరు కదయ్యా."

నాకు కోపం ఎక్కువ, వెంటనే ఏదో ఒకటి అనేస్తాను. ఆరోజు టెస్టర్, వైరు తిరిగి సంచిలో పడేశాను. బాక్సు విప్పి చంకన పెట్టుకుని తిన్నగా చర్చిలోకి వెళ్లి, ప్రాక్టీసు మధ్యలో పాస్టరు గారి ముందున్న బల్ల మీద పెట్టాను.

"అయ్యో, తెగిపోయిందని ఎవరూ గుర్తు చెయ్యలేదండీ" అన్నారు ఆయన. "కొత్త వైరు వేసెయ్యండి, మళ్లీ పెట్టేద్దాం."

"ఆవిడ వద్దన్నారండీ."

"వద్దన్నారా? అదేంటండీ?"

"ఇది ఉంటే మీరు రారట. మీరు రావడం కోసం తీసేయించుకున్నారు."

పాస్టరు గారి మొహం ఎర్రబడింది. ప్రకాశం గారు చేతులు కట్టుకుని ముందుకొచ్చారు.

"దానియేలు గారూ, మీరు సౌండు చూసుకోండి. సంఘాన్ని మేం చూసుకుంటాం."

"చూసుకుంటే నేనెందుకు మాట్లాడతానండీ? సంఘం ఈ గోడ దాకానే ఉందా, అవతల కూడా ఉందా?"

"మాకేమన్నా ఆవిడొక్కరేనా? ఎంతమందిని చూడాలి!"

"అయితే ఎంతమంది ఉన్నారో చెప్పండి. నాకు ఈ ఒక్కావిడే తెలుసు. మిగతావాళ్ల పేర్లు మీరు చెప్పండి."

కీబోర్డు ఆయన ఏదో మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టాడు. తెగిన కొసలు విడదీసి టేపు చుట్టి, హమ్ పోయిందని చూపించి, వచ్చేశాను. పని పనే.

తర్వాత సంగతి రత్నకుమారి ఫోనులో చెప్పింది. పాస్టరు గారు వచ్చారు. ఒక్కసారి. వెంట ఫోటో తీసే ఆయన్ని తెచ్చుకున్నారు. రొట్టె, గిన్నె ఇచ్చారు. ఒక పాట పాడండి అయ్యగారూ అని ఆవిడ అడిగితే జేబులోంచి ఫోను తీశారు. రేకుల కింద సిగ్నల్ లేదు. ఫోను పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వచ్చారు. చివరికి ఆవిడే, "పోన్లెండి అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి చాలు" అన్నారట. సంఘంలో ఆడవాళ్లెవరూ వెంట రాలేదు. మళ్లీ నెల ఆయనకు వేరే ఊళ్లో మీటింగు.

"మరి ఇప్పుడు ఎలాగమ్మా?" అన్నాను.

"నేనే చదువుతున్నానండీ, షెడ్డు నుంచొచ్చాక. నాలుగో తరగతి చదువండీ నాది. ఒక్కో మాట చదవటం ఒక్కో రొయ్య ఒలిచినట్టుంటాది. తప్పు చదివితే మంచం మీద నుంచి అరుత్తారు. ముందే నోటికి వచ్చినదాన్ని నాచేత ఎందుకు చదివించుకుంటారో! అడిగితే, నీ నోట్లోంచి వత్తే కొత్తగా ఉంటదే అంటారు. చేతులు ఎంత కడుక్కున్నా వాసన పోదండీ, పుస్తకమంతా రొయ్యల కంపు."

ఇన్నేళ్ల మైకు పనిలో నేను చాలా ప్రసంగాలు చెవులారా విన్నాను. పెద్ద పెద్ద ప్రసంగీకుల గొంతులకు బేస్ పెంచాను, ట్రెబుల్ తగ్గించాను. ఒక మనిషి ఆత్మకు ఆహారం అందడం అంటే ఏమిటో ఆ రోజు ఫోనులో ఒక రొయ్యల షెడ్డు మనిషి చెబితే తెలిసింది.

చలి తగ్గే రోజుల్లో సువార్తమ్మ గారు పోయారు. కబురు చెప్పింది ప్రకాశం గారే. "సమాధి కార్యక్రమం ఘనంగా చెయ్యాలనుకుంటున్నామండీ. ఆటో మీద పెద్ద హార్న్‌లు కట్టండి. ఊరంతా వినపడాలి. లైవ్ కూడా పెడుతున్నాం" అన్నారు.

"సెట్టు తీసుకురానండీ" అన్నాను.

"అదేంటండీ, ఖాళీ లేదా?"

"ఉంది. నేను వస్తాను. సెట్టు రాదు."

సమాధుల దగ్గర జనం బాగానే ఉన్నారు. ఆవిడ బతికుండగా ఆ గుమ్మం తొక్కనివాళ్లు చాలామంది కనిపించారు. వేరే ఎవరూ దొరకలేదో ఏమో, మైకు లేదు. చర్చిలోలాగా పాట మాటలు చూపించే తెర లేదు. పాస్టరు గారు ఆవిడకు ఇష్టమైన పాత పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం అందరూ పాడారు. రెండో చరణానికి గొంతులు పలచబడ్డాయి. మూడో చరణం దగ్గర పాస్టరు గారు కూడా ఆగిపోయారు. అప్పుడు రత్నకుమారి అందుకుంది. గొంతు బాగుండదు. షెడ్డులో మిషన్ల మధ్య అరిచి అరిచి బొంగురుపోయింది. పాత రాగంలో, పాత నడకలో, ప్రతి చరణం చివర ఆగి గాలి పీల్చుకుంటూ చివరిదాకా పాడింది. ఇద్దరు ముసలమ్మలు కలిశారు. మిగిలినవాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. ప్రార్థనకు వంచారో, పాట రాక వంచారో నేను చెప్పను.

ఇప్పుడు ఏ చర్చివాళ్లు పిలిచినా హాలు కొలతల కంటే ముందు ఒక మాట అడుగుతున్నాను. రాలేనివాళ్లు మీలో ఎవరెవరున్నారు, వాళ్ల ఇంటికి ఎవరు వెళ్తున్నారు అని. ఇద్దరి పేర్లూ చెప్పినచోట పని ఒప్పుకుంటాను. "అంతగా అయితే వాళ్లకి కూడా ఒక బాక్సు పెట్టెయ్యండి" అన్నచోట లేచి వచ్చేస్తాను. వాళ్లు వేరేవాళ్లను పిలుచుకుంటున్నారు. సౌండు చాలా బాగా వస్తోందట.